విడిచిపెట్టిన కుట్టు

కుక్క స్వరూపను ఒక్కసారే కరిచింది. మిగతా పద్నాలుగు కాట్లూ నాగేశం వంతుకు వచ్చాయి.

కుక్కకు పేరు లేదు. నాగేశానికి పేరులోనే నాగు ఉంది. సిద్దిపేట సర్కారు దవాఖానలో ఆయన కంపౌండరు. పొద్దున ఎనిమిదికి ఆయన కాంపౌండు లోపలికి వస్తాడు, ఆయన నవ్వు మాత్రం గేటు బయటే సైకిలుతో పాటు స్టాండు వేసి ఉంటుంది. ఎనభై ఆరో సంవత్సరం చలికాలం సంగతి ఇది. అప్పట్లో కుక్క కరిస్తే మందు ఒకటే: బొడ్డు చుట్టూ, రోజుకొకటి చొప్పున, పద్నాలుగు సూదులు. ఆ లెక్క వినగానే పెద్దవాళ్లే కడుపు లోపలికి లాక్కునేవాళ్లు. స్వరూపకు ఆరేళ్లు. లాక్కోవడానికి ఆమెకు కడుపే గుప్పెడు.

అయితే ఆ పద్నాలుగు రోజులూ అందరికంటే ఎక్కువ నొప్పి పడినవాడు హనీఫ్. ఆయనకు ఒక్క సూదీ పడలేదు.

హనీఫ్‌ది దూదేకే పని. పరుపులు, దిండ్లు, రజాయిలు కుడతాడు. దుకాణంలో విల్లులాంటి నిలువెత్తు కమాను వేలాడుతుంటుంది. గూటంతో దాని నారిని కొడితే ఠుం అని మోగుతుంది, కింద రాశిపోసిన దూది ఉలిక్కిపడి మబ్బులా లేస్తుంది. "నా బతుకుల రెండు నారులు. ఒకటి కమానుకు, ఒకటి ఇంట్ల. రెండూ ముట్టుకుంటే మోగుతయ్" అంటాడు ఆయన. ఇంట్లో నారి పేరు రబియాబీ. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె మోగుతుంది. చలికాలం రజాయిల కాలం, అంటే హనీఫ్‌కు ఒక్కపూట కూడా రజా దొరకని కాలం.

పక్కిల్లు కొండవ్వది. ఆమె బిడ్డ విమలను బెజ్జంకికి ఇచ్చారు. రెండో కాన్పుకని విమల తల్లిగారింటికి వస్తే, ఆమె కొంగు పట్టుకొని స్వరూపా వచ్చింది. తండ్రి రామచందర్ వరికోతల్లో ఇరుక్కుపోయి ఆదివారం ఆదివారం బస్సులో వచ్చి పోతున్నాడు. తమ్ముడు పుట్టాడు. ఇల్లంతా వాడి చుట్టూ మూగింది. స్వరూప వచ్చి హనీఫ్ దూదిరాశి పక్కన కూర్చుంది. రోజంతా అక్కడే. దూది లేచినప్పుడల్లా తల ఎత్తి చూసేది, దిగినప్పుడల్లా దించేది. అంతకంటే మంచి తోడు హనీఫ్‌కు ఆ సీజనులో దొరకలేదు.

తమ్ముడు పుట్టిన మూడోరోజు పొద్దున ఆమె పరుగెత్తుకొచ్చింది.

"చాచా, దుకాణం ఎన్క కుక్క ఈనింది. పిల్లలు గజగజ వణుకుతున్నయ్. ఒక పేలిక ఇయ్యరాదు, కప్పుత."

హనీఫ్ పాత రజాయి ముక్క ఒకటి తీసి ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు. "పో బిడ్డా, కుక్కలకు గూడ దుప్పటి కప్పిన దొరసానివి నువ్వే" అని నవ్వాడు కూడా. ఆ నవ్వు ఇంకా పెదవుల మీద ఉండగానే వెనక నుంచి కేక వినిపించింది. పిల్లలకు రజాయి కప్పడానికి వచ్చిన చెయ్యిని తల్లికుక్క ఇంకోలా అర్థం చేసుకుంది. స్వరూప పిక్క పట్టుకుంది.

సాయంత్రానికి ఆ కుక్క పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకొని ఎటో వెళ్లిపోయింది. రజాయి ముక్క మాత్రం అక్కడే మిగిలింది.

మర్నాడు దవాఖానలో డాక్టరు చెప్పాడు: "కుక్క కండ్ల ముందర ఉంటే పదిరోజులు దాన్ని జూద్దుము. అదే లేకపాయె. ఇగ పద్నాలుగూ పడాలె. ఒక్కటి తప్పినా నేను పూచీ పడ."

కొండవ్వకు ఆ మాట సగమే అర్థమైంది. హనీఫ్‌కు మొత్తం అర్థమైంది. చిన్నప్పుడు ములుగులో ఒక మనిషిని చూశాడు ఆయన. గ్లాసులో నీళ్లు చూసి గోడకు అంటుకుపోయిన మనిషి. కుక్క కరిచిందట, నాలుగు సూదులు వేయించుకొని పనిలో పడి మిగతావి మానేశాడట. ఆ గ్లాసు, ఆ గోడ, ఆ కళ్లు నలభై ఏళ్లుగా హనీఫ్ లోపల ఒక మూల పడి ఉన్నాయి. ఇప్పుడు లేచి కూర్చున్నాయి.

మొదటి రోజు కొండవ్వా, హనీఫూ కలిసి తీసుకెళ్లారు. కొండవ్వకు పేరు కొండే గాని గుండె గులకరాయి. సిరంజి గిన్నెలో మరుగుతున్న చప్పుడు వినగానే స్వరూపకంటే ముందు ఆమే ఏడుపు ఎత్తుకుంది. ముగ్గురు పట్టుకున్నారు. నాగేశం దూదిని స్పిరిటులో ముంచి పొట్ట మీద రాశాడు. తర్వాత ఏం జరిగిందో వరండాలో ఉన్న వాళ్లందరికీ వినిపించింది. అన్నీ అయ్యాక చూస్తే హనీఫ్ మణికట్టు మీద నాలుగు చిన్న పళ్ల గుర్తులు.

నాగేశం ఆ చెయ్యిని చూశాడు, స్వరూపను చూశాడు. "నీకు గూడ ఎక్కియ్యాల్నా?" అన్నాడు. నవ్వలేదు. అది హాస్యమో వైద్యమో ఎవరికీ తెలియలేదు.

ఇంటికి వచ్చాక అసలు సంగతి బయటపడింది. స్వరూప దుకాణం గడప తొక్కనంది. వీధిలోనే నిలబడి, లోపలి తెల్లటి రాశిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏమాయె బిడ్డా?"

"దూది."

అంతే అంది. హనీఫ్‌కు గూటం చేతిలోనే ఆగిపోయింది. దొర వచ్చే ముందు జవాను వచ్చినట్టు, సూది వచ్చే ముందు దూది వస్తుంది. ఆ పిల్ల కళ్లకు ఇప్పుడు ఆయన దుకాణం నిండా జవాన్లే. ముప్పై ఏళ్లుగా ఊరికి మెత్తన పంచిన మనిషిని చూసి ఒక పిల్ల భయపడటం ఆయన ఎరగడు.

ఆ సాయంత్రం కమాను మోగలేదు. రబియాబీకి అనుమానం వచ్చింది. "రజాయిలు రజాయిలని ఊరంతా తలుపు కొడుతుంటే, మీరు గోడను జూసుకుంట కూసున్నరేంది?"

"పేలిక ఇచ్చింది నేనే గదా."

"మీరియ్యకుంటే కొంగు చింపి కప్పేది. గా పిల్ల గసుంటిది. ఏడ్చుడు గాదు, రేపటికి ఏం జేస్తరో జూడున్రి."

ఆ మాట పట్టుకొని ఆయన ఆలోచించాడు. తెల్లారి స్వరూపను వీధి అరుగు మీదే కూర్చోబెట్టి, ఇంకా కుట్టని పరుపు ఒకటి మోసుకొచ్చి ముందు పరిచాడు. దాన్ని నిలబెట్టి దులిపాడు. లోపలి దూదంతా జారి ఒక మూలకు ఉండ కట్టింది.

"దీని మీద పండుకుంటవా?"

స్వరూప దూరం నుంచే చూసింది. "అద్దు. గడ్డలున్నయ్."

అప్పుడు కుట్టిన పరుపు తెచ్చి దులిపాడు. అది కదలలేదు.

"దీనికేమో దూది ఏడిదాడ్నే ఉన్నది. ఎందుకు? సూది పడ్డది గనక. సూది పడ్డకాడ దూది ఆగుతది. నీ కడుపుల నిద్ర గూడ గట్లనే మెత్తగుంటది బిడ్డా. కుక్క వచ్చి దాన్ని కదిలించింది. నిన్న రాత్రి నిద్ర పోయినవా?"

తల అడ్డంగా ఊపింది.

"అగో. ఉండ కట్టింది. నాగేశం చాచా పద్నాలుగు కుట్లేస్తే మల్ల జాగకొస్తది."

స్వరూప చాలాసేపు రెండు పరుపుల్నీ మార్చి మార్చి చూసింది. "నొస్తది" అంది చివరికి.

"నొస్తది" అన్నాడు హనీఫ్. "నేను అబద్ధం జెప్ప. గని ఎంతసేపు? నేను కమాను పదిసార్లు కొట్టినంతసేపు. పదకొండో దెబ్బకు సూది బయట ఉంటది. లెక్క తప్పితే రేపు నా రెండో చెయ్యి గూడ కొరుకు."

లోపల బాలింత, బయట బాల ఇంత, మధ్యలో కొండవ్వ. ఇంటిని వదిలి ఆమె రోజూ ఎక్కడ తిరుగుతుంది? అందుకని ఆనాటి నుంచి హనీఫ్ సైకిలే దవాఖాన బండి అయింది. ముందు కడ్డీకి మడత పెట్టిన రజాయి చుట్టి, దాని మీద స్వరూపను కూర్చోబెట్టుకొని పోయేవాడు.

రెండో రోజు బల్ల మీద స్వరూప పడుకుంది. హనీఫ్ ఆమె చెవి దగ్గరికి వంగి, గొంతులోనే కమాను మోగించాడు.

ఠుం.

"కండ్లు మూసుకో. ఒకటి."

ఠుం. ట్రేలో ఉన్న దూది ఉండ ఒళ్లు విరుచుకున్నట్టు అనిపించింది ఆయనకు. మూడో దెబ్బకు గోడల సున్నం పొరలు పొరలుగా విడి మెత్తబడింది. నాలుగో దెబ్బకు కిటికీలోంచి వచ్చిన ఎండ కూడా ఏకినట్టు పోగులు పోగులుగా వచ్చింది. ఐదు దగ్గర స్వరూప పిడికిలి ఆయన చొక్కాను గట్టిగా పట్టుకుంది. సూది పడిందన్నమాట. ఆయన ఆపలేదు. ఆరు. ఏడు. బల్ల కాళ్లు నేలను వదిలినట్టు, గదంతా తెల్లగా, నెమ్మదిగా పైకి లేస్తున్నట్టు. ఎనిమిది. తొమ్మిది. పది.

"అయింది" అన్నాడు నాగేశం.

స్వరూప కళ్లు తెరిచింది. కన్నీళ్లు ఉన్నాయి, కానీ వాటి వెనక ఇంకేదో ఉంది. "చాచా, బస్టాండు కనబడ్డది" అంది. "పైకెల్లి. బస్సులు సబ్బుబిళ్లల లెక్కున్నయ్."

ఆ తర్వాత రోజూ ఆమె ఎక్కడికో ఒకచోటికి వెళ్లి వచ్చేది. పది దెబ్బల దూరంలో ఎన్ని ఊళ్లు ఉంటాయో హనీఫ్‌కు అప్పుడే తెలిసింది. మూడోరోజు ఆమె ఎక్కిన దూదిమబ్బు కోమటిచెరువు మీద ఆగి నీళ్లు తాగింది. ఐదోరోజు చిన్నకోడూరు మీదుగా పోయింది. కింద పొలాలు అతుకుల బొంతలా ఉన్నాయట, ఒక్క అతుకు మాత్రం ఇంకా పచ్చిగా ఉందట. ఏడోరోజు బెజ్జంకి చేరింది. నాయిన కోత కోస్తూ తల ఎత్తాడట, కానీ ఎండ కళ్లలో పడి గుర్తుపట్టలేదట. ఆ సంగతి చెబుతూ ఆమె కొంచెం ఏడ్చింది. అది సూది ఏడుపు కాదు. ఆదివారం రామచందర్ వచ్చినప్పుడు ఆమె అడిగింది, "మొన్న మబ్బును జూసినవా నాయినా?" ఆయన బిత్తరపోయి హనీఫ్ వంక చూశాడు. హనీఫ్ కనుసైగ చేశాడు. "సూసిన బిడ్డా. గా మబ్బు మీద నువ్వున్నవని ఎరుక లేకపాయె" అన్నాడు రామచందర్. అల్లుడి తెలివికి కొండవ్వ మొదటిసారి మురిసింది.

దుకాణం గడప కూడా దాటింది స్వరూప. ముందు ఒక కాలు, తర్వాత రెండు. పదో రోజుకు దూదిరాశిలోకి మోచేతుల దాకా దిగింది. నాగేశం మాత్రం మారలేదు. "గీ వాయిద్యం లేకపోతే వైద్యం నడువదా?" అని గొణిగాడు ఒకరోజు. ఆ గొణిగిన రోజే, ఐదో దెబ్బ దగ్గర ఆయన చెప్పు నేల మీద తాళం వేయడం హనీఫ్ చూశాడు. చూసి ఎవరికీ చెప్పలేదు.

ఆ పదోరోజు మధ్యాహ్నమే హనీఫ్ తప్పు చేశాడు. తప్పని తెలియకుండా.

విమల కొడుక్కు ఇరవై ఒకటో రోజున తొట్టెల వేస్తారు. ఆ ఊయలలోకి చిన్న బొంత కుట్టమని కొండవ్వ తన పాత పచ్చచీర ఇచ్చింది. హనీఫ్ అంచు నుంచి మొదలుపెట్టి, వరస తర్వాత వరస, చీమల బారులా కుట్టుకుంటూ వచ్చాడు. స్వరూప గడ్డం మోకాలికి ఆనించి చూస్తోంది. చివరి మూలకు వచ్చాక ఇంకొక్క కుట్టు ఉందనగా ఆయన దారం కొరికాడు.

"చాచా, గీడ ఒకటి మర్సిపోయినవ్."

"మర్సిపోలే. ఇడిసిపెట్టిన."

"ఎందుకు?"

"పసిపిల్లల బొంతకు ఆఖరి కుట్టు ఎయ్యం బిడ్డా, మా ఇంట్ల. మా దాదీ ఖాతూన్‌బీ ఎయ్యకపోయేది, మా అబ్బ ఎయ్యకపోయేది. నిద్ర బయటికెల్లి వస్తది గదా, దానికి దారి ఉండాలె. అన్ని కుట్లూ ఏస్తే ఇల్లు మూసినట్టు. నిద్రొచ్చి బయట నిలబడి, తలుపు కొట్టి కొట్టి ఎనక్కి పోతది."

"కలలు గూడనా?"

"కలలు గూడ గా సందుకెల్లే."

స్వరూప ఆ మూలలో వేలు పెట్టి చూసింది. వేలు దూరింది. చాలాసేపు తీయలేదు.

పద్నాలుగో రోజు పొద్దున హనీఫ్ సైకిలు తీసి, గంట కొట్టాడు. ఎవరూ రాలేదు. కొండవ్వ బయటికి వచ్చి, "పిల్ల నీ తానకే వచ్చింది గదా" అంది. దుకాణంలో లేదు. అరుగు మీద లేదు. వెనక, కుక్క ఈనిన చోట లేదు. హనీఫ్ కళ్ల ముందు మళ్లీ ఆ గ్లాసు, ఆ గోడ, ఆ కళ్లు. దవాఖాన పన్నెండుకు మూస్తారు. అప్పటికే పదిన్నర దాటింది.

అప్పుడు దూదిరాశి తుమ్మింది.

రాశి నడుమ నుంచి ముందు ఒక ముక్కు, తర్వాత రెండు కళ్లు. పదమూడు రోజుల కింద ఏ దూదిని చూసి వెనక్కి తగ్గిందో, ఆ దూదిలోనే మెడ దాకా దాక్కుంది.

"ఇయ్యాల రాను" అంది. "పదమూడు పడ్డయ్. ఆఖరిది ఇడిసిపెట్టాలె."

కొండవ్వకు అర్థం కాలేదు. హనీఫ్‌కు ఒక్క క్షణంలో అర్థమైంది.

"అన్ని కుట్లేస్తే దారి మూసుకపోతది. ఇగ మబ్బు రాదు. నువ్వే జెప్పినవ్ చాచా." ఆమె గొంతులో మొండితనం లేదు, నియమం ఉంది. "అమ్మమ్మకు పెద్దగైనంక అన్ని కుట్లు పడ్డయ్. గందుకే రాత్రిల్ల నిద్ర రాదు, కూసోని పండ్లు కొరుకుతది."

"నా పండ్లెందుకే నీకు!" అని కొండవ్వ లేచింది. "చూసినవా హనీఫూ, నీ సోది! తీసుకపోవుడు నువ్వే, చెడగొట్టుడు నువ్వే. ఎత్తుకపోదాం పా, నలుగురం పట్టుకుంటే ఏం జేస్తది?"

రబియాబీ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "మీరు కుట్టిందే. మీరే ఇప్పున్రి" అంది నెమ్మదిగా.

నలుగురు పట్టుకుంటే సూది పడుతుంది. అది హనీఫ్‌కు తెలుసు. మొదటి రోజూ పడింది. కానీ ఆ తర్వాత ఈ పిల్ల దూదిని చూసి మళ్లీ వీధిలో నిలబడుతుంది, జన్మంతా. పోనీ, 'అదంతా ఉత్తదే బిడ్డా' అంటే? ఉత్తదైతే కమాను ఉత్తది, మబ్బు ఉత్తది, బెజ్జంకిలో తల ఎత్తిన నాయిన ఉత్తవాడు. పైగా అది ఉత్తది కాదు. ఖాతూన్‌బీ చేతి బొంతలో పడుకున్న ఏ పిల్లాడూ నిద్ర కోసం ఏడవలేదని ఆయన నమ్మకం.

ఆయన సైకిలు కడ్డీకి రజాయి చుట్టాడు. "రా బిడ్డా. సూది ఏపిచ్చుకోకు. గని మనం రామని నాగేశం చాచాకు జెప్పి రావాలె గదా. పదమూడు దినాలు మన కోసం సిరంజి మసలబెట్టిండు. చెప్పకుంటే మర్యాద గాదు."

స్వరూప ఆలోచించింది. మర్యాద ఆమెకు కూడా ముఖ్యమే. దూది దులుపుకొని వచ్చి ఎక్కింది.

దారంతా హనీఫ్ తొక్కుతున్నాడు గాని, ఎటు తొక్కుతున్నాడో ఆయనకే తెలియదు. ఎప్పుడూ నోటి నిండా మాటలుండే మనిషికి ఆ పొద్దు ఒక్కటీ పుట్టలేదు. చలికాలపు ఎండలో వీధి తెల్లగా తేలుతోంది. చాయ్ హోటలు పొగ, కోమట్ల దుకాణాల తెల్ల తెరలు, ఎవరో ఎండేసిన ధోతి అన్నీ ఏకిన దూదిలా కనిపిస్తున్నాయి. ఆ తెలుపులో ఎక్కడో ఒక మాట ఉండాలి. చేతికి దొరకడం లేదు.

నాగేశం అప్పటికే సిరంజి చల్లార్చి పెట్టాడు. స్వరూప బల్ల ఎక్కలేదు. బల్ల ముందు నిలబడి, చేతులు కట్టుకొని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది: "నాగేశం చాచా, ఆఖరి కుట్టు ఎయ్యొద్దు. నిద్రకు దారి ఉండాలె. పదమూడు మంచిగ ఏసినవ్. ఇగ పోతం."

నాగేశం ఆమెను చూశాడు. తర్వాత హనీఫ్‌ను చూశాడు. ఆ చూపులో పద్నాలుగు సూదులూ ఉన్నాయి. "పన్నెండుకు పావుగంట ఉన్నది" అన్నాడు.

హనీఫ్ స్వరూపను ఎత్తి బల్ల అంచున కూర్చోబెట్టాడు. ఎందుకు కూర్చోబెట్టాడో తెలియదు. ఆయన కూడా స్టూలు మీద కూలబడ్డాడు. కళ్లు సరిగ్గా ఆమె పొట్ట ఎత్తుకు వచ్చాయి.

"ఒక్కసారి చూపియ్యి బిడ్డా. ఎట్ల కుట్టిండో చూస్త. నేను గూడ కుట్టేటోన్నే గదా."

స్వరూప గౌను ఎత్తింది. పదమూడు చుక్కలు. కొన్ని నీలం, కొన్ని పసుపు, నిన్నటిది ఎర్రగా. గుండ్రంగా, వరసగా, ఒక మంచి పనివాడు దిండు చుట్టూ వేసినట్టు ఉన్నాయి. ఎడమ పక్కన ఒక్కచోట ఖాళీ. హనీఫ్ ఆ ఖాళీనే చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆయన చూపు మెల్లగా జారి నడుమకు వచ్చింది.

ఆయన ఊపిరి పీల్చాడు. పద్నాలుగు రోజుల్లో అంత లోతుగా ఎప్పుడూ పీల్చలేదు.

"ఇవి ఎవలు కుట్టిన్రు?"

"నాగేశం చాచా."

"మరి గీ నడుమ ఉన్నదేంది?"

స్వరూప వంగి చూసుకుంది. "గది బొడ్డు."

"దాన్ని ఎవలు కుట్టిన్రు?"

"ఎవలు కుట్టలే."

"మరి సందు ఎందుకున్నది?"

స్వరూప వేలు పెట్టి చూసింది. వేలి కొస దూరింది. పచ్చచీర బొంత మూలలో దూరినట్టే.

"నిన్ను కుట్టినోడు ఎవడో గని, నాకన్న పెద్ద పనిమంతుడు. నా దాదీకన్న గూడ. అన్నీ కుట్టి గదొక్కటి ఇడిసిపెట్టిండు" అన్నాడు హనీఫ్. "నాగేశం చాచా చుట్టూ తిరిగిండు గని, పదమూడు దినాల్ల ఒక్కనాడన్న దాని మీదికి పోయిండా? పోడు. ఆయనకెరుక."

స్వరూప తల ఎత్తి నాగేశాన్ని చూసింది. "నీకెరుకనా?"

కంపౌండరు నాగేశం ఇరవై ఏళ్ల సర్వీసులో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆయన సిరంజిని ట్రేలో పెట్టాడు. చాలా గంభీరంగా, "ఎరుకనే" అన్నాడు. "గక్కడ ఎయ్యం. ఎన్నడు ఎయ్యం."

"అమ్మమ్మకు గూడ ఉన్నదా?"

"అందరికున్నది."

"నీకు?"

నాగేశం ఒకసారి తలుపు వంక చూశాడు. "ఉన్నది" అన్నాడు గొంతు తగ్గించి.

గడియారం ముల్లు కదిలిన చప్పుడు హనీఫ్‌కు వినిపించింది. స్వరూప తనంతట తానే వెల్లకిలా పడుకుంది. రెండు చేతుల చూపుడు వేళ్లూ బొడ్డు మీద మూతలా పెట్టుకుంది, పొరపాటున సూది అటు పోకుండా. "ఊఁ" అంది.

దూది వచ్చింది. చల్లగా తాకింది. హనీఫ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. నోరు తెరిచాడు. ఠుం అన్న మాట రాలేదు. గుటక వేసి మళ్లీ ప్రయత్నించాడు. గాలి వచ్చింది, మోత రాలేదు. స్వరూప కనురెప్పలు అదిరాయి.

ఠుం.

అది హనీఫ్ గొంతు కాదు. మొద్దుగా, కొంచెం శ్రుతి తప్పి, స్పిరిటు వాసనతో వచ్చింది. సిరంజి పట్టుకొని వంగి ఉన్న నాగేశం, ఎవరి వంకా చూడకుండా, ముక్కుతో మోగిస్తున్నాడు.

ఠుం. ఠుం. నాలుగు. ఐదు. గోడలు విడిపోయాయి. కిటికీ ఎండ పోగులై గదిలోకి వచ్చింది. ఏడో దెబ్బకు బల్ల లేచింది, ఎనిమిదికి స్టూలు, దాని మీద హనీఫ్. కింద దవాఖాన కాంపౌండు గోడ, గేటు, గేటు బయట స్టాండు వేసి ఉన్న ఒక నల్ల సైకిలు. తొమ్మిది. పది.

"అయింది" అన్నాడు నాగేశం, మామూలు గొంతుతో. దూది ఉండ ఆమె పొట్ట మీద పెట్టి, "ఒత్తి పట్టుకో" అని హనీఫ్‌కు చెప్పాడు. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు అటు తిరిగే ఉన్నాడు.

ఇంటికి రాగానే స్వరూప చేసిన మొదటి పని తమ్ముడి జుబ్బా ఎత్తడం. "ఏందే గది, చలి పెడతది!" అని విమల కసిరింది. వాడికి బొడ్డు ఊడి వారమే అయింది. స్వరూప దగ్గరగా చూసి, తృప్తిగా జుబ్బా దించింది. "ఉన్నది" అని కొండవ్వకు చెప్పింది. కొండవ్వకు ఏమున్నదో తెలియదు గాని, "ఉండనీయి బిడ్డా" అంది.

మధ్యాహ్నం చిన్నకోడూరు నుంచి రాజమల్లయ్య వచ్చాడు. నెల కింద చెప్పిన పరుపు, రేపు మాపు అంటూ ఇప్పటికి తయారైంది. దుకాణంలో కమాను మోగడం లేదు. లోపల తన కొత్త పరుపు మీద హనీఫ్ పడుకొని ఉన్నాడు. నోరు తెరిచి, చేతులు చాచి, పద్నాలుగు రోజుల నిద్ర ఒకేసారి పోతున్నాడు. చొక్కా పైకి జరిగి బొడ్డు కనబడుతోంది. పక్కన ఒక చిన్న పిల్ల కూర్చొని, ఈగలు వాలకుండా విసనకర్రతో విసురుతోంది.

"గది నా పరుపే గదా?" అన్నాడు రాజమల్లయ్య.

పిల్ల పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"నీదే. గని గదిప్పుడు నేల మీద లేదు. కూసో తాతా. దిగొచ్చినంక తీసుకపోదువు."

రాజమల్లయ్య ఒకసారి పరుపును చూశాడు, ఒకసారి పిల్ల ముఖం చూశాడు. రుమాలు తీసి అరుగు దులుపుకొని కూర్చున్నాడు.